పరీక్షించని దారి

గురువారం ఉదయం పది కావడానికి ఇంకా ఐదు నిమిషాలుందనగా కాత్యాయనికి సెంబవాంగ్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది బసవయ్య. అక్కడి ఒక షిప్‌యార్డులో బరువులెత్తే పనికి ఆయన సూపర్‌వైజర్. సోంపేట దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా సింగపూర్‌లోనే ఉన్నా మాట మాత్రం ఊరి మాటే. పోయిన నెల సాఫ్ట్‌వేర్ పెట్టడానికి కాత్యాయని అక్కడికి వెళ్ళినప్పుడు, తెలుగు మనిషని తెలిసి క్యాంటీన్‌కి తీసుకెళ్ళి టీ తాగించి మరీ పంపించాడు.

“అమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. మీ కంప్యూటర్ లెక్క నమ్మొచ్చా?”

“ఏమైంది అంకుల్?”

“నిన్న ట్రయల్‌లో మూడుసార్లు హారన్ కొట్టి జాకులన్నీ ఆగిపోనాయి. నాలుగో మూల బరువు ఎక్కువైపోనాదని సూపించింది. రెప్పపాటే. మళ్ళీ సూత్తే మామూలే. సెన్సర్ కేబులన్నారు, మార్చినారు. ఈయాల పొద్దున్న మళ్ళీ ఒకసారి అలాగే అయింది.”

కాత్యాయని పనిచేసేది జురాంగ్ ఈస్ట్‌లో నలభై మంది ఉన్న చిన్న కంపెనీలో. భారీ బరువులెత్తే హైడ్రాలిక్ జాకులను నడిపే సాఫ్ట్‌వేర్ రాస్తారు. సెంబవాంగ్‌లో ఎత్తాల్సింది ఓడ మీద కూర్చోబెట్టే యంత్రాల గది, నాలుగొందల టన్నులు. దాని కింద మూలకి మూడు చొప్పున పన్నెండు జాకులు, ఒక్కో జాకుకీ బరువు చూసే ఒక సెన్సర్. గదిని రెండు మీటర్లు పైకి లేపితే కిందికి చక్రాల బండి వస్తుంది. దానికి దారి చూపడానికి ఆరుగురు మనుషులు ఆ గది కిందికి వెళ్తారు.

“లేదంకుల్, మా వైపు తప్పుండదు,” అంది కాత్యాయని. “ప్రతి వెర్షన్‌కీ మెమరీ టెస్టు నడుపుతాం. రిపోర్టు మీద సంతకం పెట్టేది నేనే. తప్పులు సున్నా. కనెక్టర్ ఎక్కడో లూజుగా ఉండి ఉంటుంది.”

“అలాగైతే సరే. మా ఇంజనీరు అలారం తీసేసి ఎత్తేద్దామంటన్నాడు. మీ మాట కోసమే ఆగినాను. పన్నెండున్నరకి లిఫ్టు. నేను దగ్గరుండి తెర సూసుకుంటాను.”

అద్దాల గదిలో అందరూ కూర్చుని ఆమె కోసం చూస్తున్నారు. రోజూ పది గంటలకి జరిగే మీటింగ్ అది. “సరే అంకుల్, జాగ్రత్త,” అని ఫోన్ పెట్టేసింది.

మీటింగ్‌లో ఎవరు ఏం చెప్పారో ఆమె తలకెక్కలేదు. బసవయ్య చెప్పినదాంట్లో ఏదో సరిపోవడం లేదు. అదేమిటో పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. కేబుల్ పాడైతే తెర మీద ఆ సెన్సర్ పక్కన ఎర్ర గుర్తు రావాలి. గుర్తు వచ్చిన సెన్సర్‌ని సాఫ్ట్‌వేర్ లెక్కలోంచి తీసేస్తుంది, కాబట్టి హారనే మోగదు. ఎర్ర గుర్తు గురించి బసవయ్య ఒక్క మాట కూడా అనలేదు.

గుర్తు రాలేదంటే సెన్సర్లు పంపిన అంకెలు సరైనవే. తప్పు ఆ తర్వాత, కూడికలో జరుగుతోంది. కూడిక చేసేది తన ప్రోగ్రామే.

అంతకన్నా ఘోరమైన సంగతి ఇంకొకటి. ఏదైనా మూల మీద బరువు ఎక్కువైందనిపిస్తే సాఫ్ట్‌వేర్ ఆ మూల జాకులను కాస్త కిందికి దింపుతుంది, మిగతా మూలలు ఆ బరువు పంచుకోవాలని. మామూలుగా అయితే అంత పెద్ద తేడా వచ్చినప్పుడు ముందు అలారం మోగి అన్నీ ఆగిపోతాయి, దింపడం దాకా రాదు. నిన్న మూడుసార్లూ కాపాడింది ఆ అలారమే. దాన్నే ఇప్పుడు తీసేస్తున్నారు. తను “సరే” అన్నది దానికే.

ఆమె బల్ల కిందే బసవయ్యకి మెసేజ్ పెట్టింది: “ఎర్ర గుర్తు వచ్చిందా అంకుల్? దయచేసి వెంటనే చెప్పండి.” మెసేజ్ చేరింది కానీ ఆయన చూడలేదు. లిఫ్టు చేసే చోటికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, లాకర్లో పెట్టి వెళ్ళాలి. ఈ సంగతి ఆమెకు తెలుసు. అయినా రెండుసార్లు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

పదిన్నరకి తన సీటు దగ్గరికి వచ్చి మెమరీ టెస్టు మళ్ళీ మొదలుపెట్టింది. బుధవారం ట్రయల్‌లో రికార్డయిన సెన్సర్ అంకెలు సర్వర్‌లో ఉన్నాయి, వాటినే ఇచ్చింది. ఆ టెస్టు చేసే పరికరాన్ని ఆఫీసులో అందరూ చెకర్ అంటారు. ప్రోగ్రాం తనకి కేటాయించని మెమరీ గడిలో ఒక్క అంకె ముట్టుకున్నా చెకర్ పట్టేస్తుంది. అలా పట్టడానికి అది ప్రోగ్రాంని అసలు ప్రాసెసర్ మీద నడవనివ్వదు. తనే ఒక ప్రాసెసర్‌లా వ్యవహరిస్తూ, ప్రోగ్రాం ఇచ్చే ఒక్కొక్క ఆజ్ఞనూ చదివి, చూసి, చేసి పెడుతుంది. అందుకే ఒకటిన్నర నిమిషంలో అయ్యే పని దాని కింద అరగంట తీసుకుంటుంది.

ఆ అరగంటా ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. కిటికీ అవతల ఎంఆర్‌టీ మెట్రో పట్టాల మీద రైళ్ళు వచ్చి ఆగి వెళ్తున్నాయి. అదే లైను నేరుగా సెంబవాంగ్ దాకా పోతుంది. ఎక్కేద్దామా అనిపించింది. ఎక్కి ఏం చెప్పాలి? టెస్టు క్లీన్ వస్తే?

పదకొండూ ఐదుకి రిపోర్టు వచ్చింది. మెమరీ తప్పులు: సున్నా.

ఊపిరి వదిలింది. చేతులు తుడుచుకుంది. ఆ నిశ్చింత రెండు నిమిషాలు కూడా నిలవలేదు. రిపోర్టు పైకి జరుపుతుంటే మొదట్లో ఒక వరుస కంటబడింది. ఇదివరకు వందసార్లు చూసీ చదవని వరుస: “లెక్కించే విధానం: నాలుగేసి.”

సోమవారం సెంబవాంగ్‌లో పాత కంప్యూటర్ చెడిపోతే కొత్తది పెట్టారు. పాత ప్రాసెసర్ ఒక దెబ్బకి నాలుగు అంకెలు కూడగలదు. కొత్తది ఎనిమిది కూడుతుంది. ప్రోగ్రాం మొదలవగానే ఈ ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో చూసుకుని, ఎనిమిది వస్తే ఎనిమిది దారి, రాకపోతే నాలుగు దారి ఎంచుకుంటుంది. సెంబవాంగ్‌లో సోమవారం నుంచి నడుస్తున్నది ఎనిమిది దారి. ఇప్పుడు టెస్టయింది నాలుగు దారి.

కాత్యాయని టెస్టు పెట్టిన ఆఫీసు కంప్యూటర్ కూడా కొత్తదే. మరి నాలుగు దారి ఎందుకు పట్టింది?

ఆ ఎంపిక జరిగే ఫైలు తెరిచింది. అక్కడ రెండు వరుసలున్నాయి. చెకర్ కింద నడుస్తుంటే, ప్రాసెసర్ ఏదైనా సరే, నాలుగు దారి పట్టమని. దాని మీద ఒక గమనిక: “తాత్కాలికం. తర్వాత సరిచేయాలి.” పక్కన రెండేళ్ళ కిందటి తేదీ, ఆమె పేరు.

అప్పుడు గుర్తొచ్చింది. అక్షరకి డెంగ్యూ వచ్చి వార్డులో ఉన్న వారం అది. కూతురి మంచం పక్కన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ వెర్షన్ పూర్తిచేసింది. ఎనిమిది దారి రాసింది గోపీకృష్ణ, ఆ తర్వాత వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ దారి చేర్చినప్పటి నుంచి చెకర్ కింద ప్రోగ్రాం మొదలవగానే కూలిపోయేది. కారణం చిన్నదే. ప్రాసెసర్‌నే నేరుగా అడిగితే దాని స్థానంలో ఉన్న చెకర్ జవాబిచ్చేది, ‘ఎనిమిది నాకు రావు’ అని నిజమే చెప్పేది. కానీ ప్రోగ్రాం అడిగేది ప్రాసెసర్‌ని కాదు, కంప్యూటర్ దాచుకున్న జాబితాని. జాబితాలో ‘వచ్చు’ అని ఉంటుంది. ఆ మాట నమ్మి ఎనిమిది దారిలోకి వెళ్తే, మొదటి ఆజ్ఞ దగ్గరే చెకర్‌కి అది అర్థం కాక అంతా ఆగిపోతుంది. శుక్రవారానికి వెర్షన్ ఇచ్చేయాలి. ఆమె రెండు వరుసలు రాసి చెకర్‌ని దాటించింది. టెస్టు పాసైనట్టు పచ్చగా వచ్చింది. తర్వాత సరిచేయలేదు.

రెండేళ్ళుగా ప్రతి రిపోర్టులోనూ సున్నా. ఎనిమిది దారిని చెకర్ ఒక్కసారి కూడా చూడలేదు.

పదకొండూ ఇరవై అయింది. ఆ రెండు వరుసలూ తీసేసి మళ్ళీ నడిపింది. అనుకున్నట్టే చెకర్ మొదటి అడుగులోనే కూలిపోయింది: తెలియని ఆజ్ఞ. ఈ పరికరంతో ఆ దారిని చూడడం కుదరదు, ఇంకో ఉపాయం కావాలి. ఒకే పదాన్ని మూడుసార్లు తప్పు కొట్టింది.

గోపీకృష్ణ రాసిన కూడికని వరుస వరుసా చదివింది. పన్నెండు సెన్సర్లు. మొదట ఎనిమిది తీసుకుంటుంది. మిగిలినవి నాలుగు. వాటిని కూడా ఎనిమిదిగానే తీసుకుంటోంది! సెన్సర్ల జాబితా అయిపోయాక ఇంకో నాలుగు గడుల్లో ఏముంటే అది కూడా కలుస్తోంది. అక్కడ చాలాసార్లు సున్నాలే ఉంటాయి, కాబట్టి లెక్క సరిగ్గానే వస్తుంది. ఎప్పుడో ఒకసారి వేరే పనికి వాడి వదిలేసిన అంకె ఉంటుంది. అది వచ్చి చివరి మూల లెక్కలో పడుతుంది. చివరి మూలంటే నాలుగో మూల. మిగతా సైట్లలో ఎనిమిది జాకులో పదహారో ఉన్నాయి, అక్కడ మిగిలేదేమీ లేదు. పన్నెండున్నది సెంబవాంగ్‌లోనే.

చదివితే అలా అనిపించింది. కానీ కంగారులో చదివింది. అనిపిస్తే సరిపోదు, రుజువు కావాలి. జాబితా తర్వాతి నాలుగు గడుల్లో తనే తొమ్మిదివేల తొమ్మిదొందల తొంభైతొమ్మిది రాసి, చెకర్ లేకుండా, అసలు ప్రాసెసర్ మీద నేరుగా నడిపింది.

మొత్తం బరువు నాలుగొందల టన్నులు రావాల్సిన చోట నలభైవేల పైచిలుకు వచ్చింది.

పదకొండూ యాభై. ఆమె మేనేజర్ ఉపేంద్ర ఆ ఉదయం ఇంకో ప్రాజెక్టు మీటింగ్ కోసం ఊళ్ళోకి వెళ్ళాడు. తెనాలి మనిషి, నెమ్మదస్తుడు. ఫోన్ ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది: “సెంబవాంగ్ హారన్ మన తప్పే. రుజువైంది. కస్టమర్‌కి ఇప్పుడే చెప్పాలి.”

నాలుగు నిమిషాలకి జవాబొచ్చింది. “సరిచేసి వెర్షన్ రెడీగా పెట్టండి. మూడింటికి వస్తాను. అంతవరకూ కస్టమర్‌తో ఏమీ మాట్లాడొద్దు, నేను చూసుకుంటాను.”

“లిఫ్ట్ పన్నెండున్నరకే. అలారం తీసేశారు,” అని రాసింది. అతను చూడలేదు. మళ్ళీ ఫోన్ చేసింది. కట్ చేశాడు.

ఆ తర్వాత పది నిమిషాలు కాత్యాయని ఏమీ చేయలేదు. ఆ పది నిమిషాల గురించి తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేకపోయింది, భర్తకి తప్ప. ఫోన్ చేతిలో పట్టుకుని ప్యాంట్రీ పక్క నడవలో నిలబడింది. ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఆమె పాస్ రెన్యూవల్ మార్చిలో ఉంది. భర్త శ్రీనాథ్, అక్షర ఇక్కడ ఉంటున్నది ఆమె పాస్ మీదే. బుకిట్ బటోక్‌లో అద్దె ఫ్లాటు, పిల్ల బడి, అన్నీ దాని మీదే. మేనేజర్ వద్దన్నాక కస్టమర్‌తో మాట్లాడితే ఉద్యోగం ఉంటుందా? పైగా చెప్పాల్సిందేమిటి? మా రిపోర్టు చూసి మీరు అలారం తీశారు, ఆ రిపోర్టు ఈ దారిని చూడనే లేదు, చూడకుండా చేసింది నేనే, అని. పోనీ ఆ రెప్పపాటు తేడా ఈ రోజు రాకపోవచ్చు కదా. వచ్చినా కాస్తే దిగొచ్చు.

బండి కిందికి వచ్చేటప్పుడు దారి చూపే ఆరుగురిలో ఇద్దరిని ఆమె క్యాంటీన్‌లో చూసింది. వాళ్ళ పేర్లు తెలియవు. ఒకతను ప్లేటులో నిమ్మకాయ ముక్క ఆమె వైపు జరిపాడు, చేపకూరలోకి బాగుంటుందని.

పన్నెండూ పది నిమిషాలకి, సైట్‌కి వెళ్ళినప్పుడు ఇచ్చిన కాగితం వెతికి, దాని మీదున్న, పనులకి అనుమతులిచ్చే పర్మిట్ ఆఫీసు నంబరుకి చేసింది. మిస్ టాన్ అని ఒకావిడ ఎత్తింది.

“యంత్రాల గది లిఫ్టు, పన్నెండున్నరకి ఉంది కదా, అది...” అని కాత్యాయని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

“ఆల్రెడీ స్టార్టెడ్, మేడమ్. మధ్యాహ్నం వాన అన్నారు. పన్నెండుకే మొదలుపెట్టేశారు.”

“ఆపాలి. ఇప్పుడే ఆపాలి. మా మేనేజర్ పర్మిషన్ ఇంకా రాలేదు, నేను ఈమెయిల్ పంపిస్తాను, కానీ...”

“మేనేజర్ ఎందుకు లా?” అంది మిస్ టాన్, సింగపూర్ వాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో. “ఇక్కడ లిఫ్టు ఎవరైనా ఆపమనొచ్చు. పేరు, కారణం, అంతే. యువర్ నేమ్?”

“కాత్యాయని. కారణం, సాఫ్ట్‌వేర్ తప్పు. నాలుగో మూల జాకులు వాటంతటవే దిగిపోవచ్చు.”

మిస్ టాన్ ఇంకేమీ అడగలేదు. పక్కన వాకీటాకీ గరగరలాడింది. “స్టాప్, స్టాప్, స్టాప్. ఆల్ స్టాప్,” అని ఆవిడ గొంతు మూడు రెట్లు పెద్దదై వినిపించింది. తర్వాత ఏమీ లేదు. కాత్యాయని నుదురు గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. అవతల ఎవరో చైనీస్‌లో ఏదో అన్నారు. తలుపు చప్పుడైంది. కుర్చీ ఈడ్చిన చప్పుడు. అలా ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు.

“ఆగింది,” అంది మిస్ టాన్. “నలభై సెంటీమీటర్లు. బండి ఇంకా రాలేదు. కింద ఎవరూ లేరు.”

ఐదు నిమిషాలకి బసవయ్య అదే ఫోన్ దగ్గరికి వచ్చాడు. రొప్పుతున్నాడు.

“ఏటయిందమ్మా? పొద్దున్న ఏటీ నేదన్నారు!”

ఆమె దాచకుండా చెప్పింది. కొత్త ప్రాసెసర్, ఎనిమిది దారి, జాబితా దాటి చదవడం, తను పెట్టిన రెండు వరుసలు. ప్రోగ్రాం సంగతి ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. చివరిది మాత్రం బాగా అర్థమైంది.

“నాలుగో మూల దిగింది,” అన్నాడు. “పదకొండు మిల్లీమీటర్లు. లెవెల్ పెట్టి సూసినాను. నేల కుంగినాదేమో అనుకున్నాను. కుంగితే ఇంకో పలక వేద్దామని మనుషుల్ని గది కిందికి పంపబోతన్నాను.”

కాత్యాయని ఫోన్ చెవికి ఆనించుకునే తన సీటు దగ్గరికి నడిచింది.

“సరే. ఇప్పుడేటి సెయ్యమంటారు? నాలుగొందల టన్నులు గాల్లో ఉంది.”

“జాకుల్ని తనంతట తనే దింపే ఆటో లెవెలింగ్ ఆపేయండి అంకుల్. తెర మీద ఎడమవైపు కింద ఉంటుంది. అది ఆపాక తెరని అసలు చూడొద్దు. ఒక్కో జాకుకీ ప్రెషర్ గేజి ఉంది కదా, వాటిని చూసుకుంటూ చేత్తో దించండి. మా సాఫ్ట్‌వేర్ లేకుండా.”

“పన్నెండు గేజిలకీ పన్నెండు మంది కావాల.”

“ఉన్నారా?”

“తెప్పిస్తాను. మీరు లైన్లోనే ఉండండి.”

గంటసేపు దించారు. సెంటీమీటరు దించడం, ఆగడం, పన్నెండు అంకెలూ పైకి చదవడం, బసవయ్య రాసుకోవడం, మళ్ళీ సెంటీమీటరు. మిస్ టాన్ వాకీటాకీలో విన్నది ఫోన్‌లో చెప్పేది. కాత్యాయని ఆ అంకెలు కాగితం మీద రాసుకుని మూలల వారీగా చేత్తో కూడింది. కంప్యూటర్ ఎదురుగానే ఉంది. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. ఇంకా పన్నెండు సెంటీమీటర్లు ఉందనగా ఫోన్‌లో పిడుగుల సైరన్ వినిపించింది. ఆ సైరన్ మోగితే ఆరుబయట పని ఆపి అందరూ లోపలికి పోవాలి. “వాట్ నౌ?” అంది మిస్ టాన్ ఎవరితోనో. బసవయ్య గొంతు వాకీటాకీలోంచి వినిపించింది: “దీన్ని ఇలాగ ఒగ్గేసి నేనెక్కడికీ రాను.” సేఫ్టీ ఆఫీసరు మిగతావాళ్ళని లోపలికి పంపి, గేజిల దగ్గరివాళ్ళని ఉండనిచ్చాడు. వానలోనే దించారు. ఒంటిగంటా ఇరవై రెండుకి గది దిమ్మెల మీద కూర్చుంది.

కాత్యాయని ఫోన్ పెట్టేసింది. ముఖం కడుక్కుని వచ్చి, జరిగింది జరిగినట్టు ఈమెయిల్ రాసి, కస్టమర్‌కీ ఉపేంద్రకీ ఒకేసారి పంపింది.

ఉపేంద్ర మూడింటికి కాదు, రెండింటికే వచ్చాడు. గదిలోకి పిలిచి తలుపేశాడు. నెమ్మదస్తుడి గొంతు ఆ రోజు నెమ్మదిగా లేదు.

“మాట్లాడొద్దన్నాను కదా. మీరు వాళ్ళకేం చెప్పారో తెలుసా? రెండేళ్ళుగా మన రిపోర్టులన్నీ అబద్ధమని!”

“అన్నీ కాదు. ఎనిమిది దారి గురించి ఏమీ చూడలేదని చెప్పాను. అది నిజమే కదండీ.”

“నేను వాళ్ళ ప్రాజెక్టు మేనేజర్‌తో మాట్లాడి ఆపించేవాణ్ణి.”

“మీరు మెసేజ్ చూసేసరికి ఎంతయింది?”

ఒంటిగంటకి చూశాడని ఇద్దరికీ తెలుసు.

“ఆ రెండు వరుసలు ఎవరు రాశారు? గోపీకృష్ణేనా?” అన్నాడు కొంచెం ఆశగా.

“నేనే.”

“ఎవరూ చూడకుండా ఎలా వెళ్ళింది?”

ఆమె ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. ఆ మార్పు కింద ఆమోదించినవారి పేరుంది. ఉపేంద్ర. ఆమె పంపిన మూడు నిమిషాలకే ఆమోదించాడు. అతను ఆ పేరు కేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, తలుపు తీసి, ఇంటికి వెళ్ళమన్నాడు. రేపు రావాలా వద్దా అని అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

బుకిట్ బటోక్‌లో దిగేసరికి వాన వెలిసింది. ఇంట్లో శ్రీనాథ్ అక్షరకి లెక్కలు చెప్పిస్తున్నాడు. ఇంత పెందరాళే వచ్చిందంటే ఏదో అయిందని ముఖం చూసి గ్రహించాడు. ఆమె అంతా చెప్పింది, ప్యాంట్రీ పక్కన నిలబడిపోయిన పది నిమిషాలతో సహా.

“ఆ పది నిమిషాల్లో కింద మనుషులుంటే ఏమయ్యేది?” అంది.

“లేరు కదా.”

“ఉన్నారో లేదో తెలియకుండా నిలబడ్డాను నేను.”

శ్రీనాథ్ ఊరడించే మాట ఏదీ వెతకలేదు. ప్రొద్దుటూరులో ఒకే వీధిలో పెరిగినవాళ్ళు వాళ్ళిద్దరూ. అన్నం పెట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. అక్షర పెన్సిల్ నోట్లో పెట్టుకుని చూస్తోంది.

“అమ్మా, యూ గాట్ స్కోల్డెడ్ ఆ?”

“ఊ.”

“యువర్ ఫాల్ట్ ఆర్ నాట్?”

“నాదే.”

“దెన్ సే సారీ లా,” అంది పిల్ల, మళ్ళీ లెక్కల్లోకి తలదూర్చి.

శుక్రవారం ఎవరూ రావద్దని అనలేదు. వెళ్ళింది. మొదట చేసిన పని, కంప్యూటర్ దాచుకున్న జాబితాని ప్రోగ్రాం చదవడం మాన్పించి, ప్రాసెసర్‌నే నేరుగా అడిగేట్టు మార్చడం. తన రెండు వరుసలూ తీసేసింది. కూడికలో చివరి నాలుగింటినీ నాలుగ్గానే తీసుకునేట్టు సరిచేసి, చెకర్ చూడలేని ఆ దారికి తొమ్మిదివేల తొమ్మిదొందల తొంభైతొమ్మిది రాసి చూసే పరీక్షని శాశ్వతంగా పెట్టింది. ఉపేంద్ర ఈసారి ప్రతి వరుసా చదివాడు. రెండు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి, “ఇది నాకు అర్థం కాలేదు, చెప్పండి,” అన్నాడు. రెండేళ్ళలో అతను ఆ మాట అనడం ఆమె మొదటిసారి విన్నది.

శనివారం మళ్ళీ లిఫ్టు పెట్టారు. కొత్త వెర్షన్, అలారంతో సహా, దాని పక్కన గేజిల దగ్గర పన్నెండు మంది. కాత్యాయనిని రమ్మన్నారు. హెల్మెట్ పెట్టుకుని కంచె అవతల నిలబడింది. గది పైకి లేస్తున్నంతసేపూ ఆమె చూపు తెర మీద లేదు, కిందికి వెళ్ళే ఆరుగురి మీదే ఉంది. వాళ్ళు వెళ్ళారు. బండి వచ్చింది. గదిని బండి మీదికి దించాక, ఆరుగురూ ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చి, చేతి తొడుగులు విప్పుకుని నీళ్ళు తాగారు. హారన్ మోగలేదు.

బసవయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. రెండు రోజులుగా ఆయన ఫోన్ చేయలేదు.

“మీ మీద కోపమొచ్చింది నాకు,” అన్నాడు. “తప్పు సేసినారని కాదు. తప్పులు నేనూ సేస్తాను. ఆ పొద్దున్న నేను అడిగితే ఎంటనే సున్నా అన్నారు. సూడకుండా అన్నారు. ‘నాకు తెల్దు, సూసి సెప్తాను’ అనుంటే అలారం తీయడానికి నేను సంతకం పెట్టకపోదును.”

“క్షమించండి అంకుల్,” అంది కాత్యాయని.

ఆయన తల ఊపాడు. దూరంగా ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం విచారణ జరిగింది. ఆ పదకొండు మిల్లీమీటర్ల దగ్గర ఆగకుండా ఇంకా దిగి ఉంటే ఏమయ్యేదని కస్టమర్ ఇంజనీర్లు ఇద్దరు వాదించుకున్నారు. ఏమీ అయ్యేది కాదని ఒకరు, గది జారేదని ఒకరు. తేలలేదు. కాత్యాయనికి హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు, రిపోర్టుల మీద సంతకం పెట్టే అధికారం ఆరు నెలలపాటు తీసేశారు. మార్పును చూడకుండా ఆమోదించానని ఉపేంద్ర తనంతట తనే ఒప్పుకుని రాసిచ్చాడు, అతనికీ ఒక ఉత్తరం వచ్చింది. పాస్ సంగతి మార్చి దాకా తెలియదు. హెచ్చరిక ఉత్తరం ఉన్నవాళ్ళకి కంపెనీ రెన్యూవల్ పెడుతుందో లేదో ఎవరినడిగినా సరైన జవాబు రాలేదు. ఆ భయంతోనే ఆమె రోజూ ఉదయం రైలెక్కుతోంది.

రిపోర్టు తీరు మాత్రం మారింది. సంతకం ఉపేంద్రదే అయినా, రాసేది ఆమే. ప్రోగ్రాంలో ఎన్ని దారులున్నాయో అన్నీ విడివిడిగా వేసి, ఒక్కోదాని పక్కన ఏ పరికరం చూసింది, ఏం దొరికింది అని రాస్తుంది. మొదటిది కస్టమర్‌కి పంపే రోజున ఉపేంద్ర మూడో వరుస దగ్గర ఆగాడు. ఇంకా ఎవరూ కొనని ఒక కొత్తరకం ప్రాసెసర్ కోసం రాసిన దారి అది. దాని ఎదురుగా “పరీక్షించలేదు” అని ఉంది.

“ఈ ప్రాసెసర్ ఏ సైట్‌లోనూ లేదు కదా,” అన్నాడు. “ఈ వరుస తీసేద్దామా? చూసినవాళ్ళు కంగారుపడతారు.”

“పడనివ్వండి సార్,” అంది కాత్యాయని.

అతను ఆ వరుస ఇంకోసారి చదివాడు. తర్వాత ఆ వరుసతో సహా సంతకం పెట్టి పంపించాడు.